ఏడో గడి

దరఖాస్తు నలభై రెండు పేజీలు.
ఏడో గడిలో ఒకటే ప్రశ్న: మీ వాటా ఎంత?

మేమొక క్వాచా పెడితే
లిలాంగ్వేలో మంత్రిత్వశాఖ ఒకటి పెడుతుంది.
ఆ రెంటినీ చూసి
సముద్రాలవతలి సైన్సు మండలి రెండు పెడుతుంది.
లెక్క బాగానే ఉంది.
మా దగ్గర లేనిది ఆ మొదటి క్వాచానే.

జోంబాలో, విశ్వవిద్యాలయంలో, పద్దులు రాసేదాన్ని నేను.
సైన్సు రాదు.
ఉన్నదాన్ని ఉన్నట్టు వరసలో నిలబెట్టడం వచ్చు.
ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర కూర్చుని రాశాను:
వాన కారే నేలమాళిగ గది,
రెండు జీపులు, నడిచేది ఒకటి,
కాపలాదారు సయీదీ రాత్రులు, ఏడాదికి మూడువందల అరవై ఐదు,
నా శనివారాలు.

మండలి జవాబిచ్చింది.
శనివారాలు చెల్లవు.
సయీదీ రాత్రులు చెల్లుతాయి.

"నా మెలకువకి అంత ఖరీదా!" అని సయీదీ
రెండ్రోజులు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

అంతకుముందు
లుసుంగు న్యిరెండా చిల్వా సరస్సు బురదను
సీసాల్లో నింపి, మూతలకు మైనం పూసి,
పరదేశపు ప్రయోగశాలకు పోస్టు చేసేది.
ఎనిమిది నెలలకు ఓ కాగితం వచ్చేది,
మా బురద గురించి మాకు
వాళ్ళు రాసిన ఉత్తరం.
పేర్ల వరసలో ఆమె పేరు ఉంటే చివర,
లేకపోతే అడుగున,
"స్థానిక సహకారానికి కృతజ్ఞతలు."

బురదను నాలుగు డిగ్రీల దగ్గర నిద్రపుచ్చే పెట్టె
నకాలా రేవులో ఏడు నెలలు ఎండలో కూర్చుంది.
సుంకం మినహాయింపు ఉత్తరంలో
ఒక సంతకం నీలం సిరా, ఒకటి నల్లది.
రెండూ నల్లవే కావాలన్నారు.
నీలం సంతకం పెట్టినాయన అప్పటికే పదవి దిగిపోయాడు.
ఆయన మొక్కజొన్న చేను వెతుక్కుంటూ వెళ్ళి
గట్టు మీద కాగితం పరిచాను.
పాత తేదీ వేశాడు.
ఇది నేను రాయకూడదు.
బస్సు ఛార్జీ ఏ పద్దులోనూ పట్టలేదు.

పెట్టె వచ్చిన ఏడే సరస్సు ఎండిపోయింది.
పడవలు బోర్లా పడుకున్నాయి.
నిన్న వలలు వేసిన చోట పిల్లలు సైకిళ్ళు తొక్కారు.
లుసుంగు గొట్టం దింపి
ఆరు మీటర్ల కాలాన్ని నిలువునా పైకి లాగింది.
పొరలన్నీ చదివి చెప్పింది,
ఇది చాలాసార్లు ఎండింది, చాలాసార్లు నిండింది.
ముసలి జాలరి మక్వింజా నవ్వాడు.
"ఆ మాట మా అమ్మమ్మ డబ్బు తీసుకోకుండా చెప్పింది.
ఎప్పుడు నిండుతుందో చెప్పు తల్లీ."
తెలీదంది ఆమె.
ఆ తెలీకపోవడం కోసమే మా రెండో దరఖాస్తు.

ఫిబ్రవరిలో ఓ రాత్రి కరెంటు పోయింది.
రెండింటికి సయీదీ నా తలుపు కొట్టాడు.
"పెట్టె మూలుగు ఆగిపోయింది, అమ్మా."
జనరేటర్లో డీజిలు లేదు,
డీజిలు పద్దులో డబ్బు లేదు.
చేపల సంతకి నడిచే జీపు తీశాం.
ఊకలో పాతిన ఐసు దిమ్మెలు చూపించి
ఎనిఫా అంది,
"చేపలే లేవు, ఇది ఎవరికి పెట్టను?
మీ బురదకి పెట్టుకోండి."
పద్నాలుగు దిమ్మెలు.
తెల్లారేసరికి ముగ్గురి చేతులకీ స్పర్శ లేదు.
బురద మాత్రం చల్లగా నిద్రపోతోంది.

మూడేళ్ళయ్యాక ఆఖరి నివేదికలో అడిగారు:
మా డబ్బు ఆగాక ఏం మిగులుతుంది?
జవాబుకి నాలుగు గీతల చోటు.
ఆ వారమే రెండో ఏడు కుర్రాడు వటిపాసో,
పెన్సిలు చెవి మీద నుంచి తీయకుండానే,
పదకొండో పొర వయసు తప్పన్నాడు.
లుసుంగు అరగంట వాదించింది, తర్వాత బల్ల మీద తల పెట్టి నవ్వింది.
తప్పే.
అదే రాశాను:
మా లెక్క తప్పని చెప్పగలవాడు ఒకడు.
మంత్రిత్వశాఖ దాన్ని కొట్టేసి
"మానవ వనరుల అభివృద్ధి" అని దిద్దింది.

మళ్ళీ నలభై రెండు పేజీలు వచ్చాయి.
ఏడో గడిలో సయీదీ రాత్రులు వేశాను.
కింద ఇంకో వరస:
ఐసు దిమ్మెలు, పద్నాలుగు, ఎనిఫా వాటా.
చెల్లుతాయో లేదో
ఇంకా జవాబు రాలేదు.